ఆమె గోడు ఆమె భాషలోనే వినాలి

సఖి కేంద్రాల్లో గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే ఆడమనిషి కావాలి: ఏజెన్సీ మహిళల విజ్ఞప్తి

అక్కలారా, చెల్లెళ్లారా! గూడేల పటేళ్లారా, తండాల నాయక్‌లారా! మహిళా సంఘాల నాయకురాళ్లారా!

ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి మాట ఎత్తగానే ‘అది మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని లేచిపోయే రోజులు పోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది ఏదో ఒకప్పుడు భర్త చేతిలో హింస అనుభవించారు. దేశం మొత్తం మీద హింసకు గురైన ఆడవాళ్లలో సాయం కోరినవాళ్లు నూటికి 14 మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోనే లేదు. అధికారుల భాష వచ్చినవాళ్లను కూడా కలిపి వేసిన లెక్క ఇది. ఆ భాష రాని ఆదివాసీ ఆడమనిషి ఎక్కడికి పోవాలి?

కాగితం మీద ఏర్పాట్లకు కొదవ లేదు. 2005లో గృహ హింస చట్టం వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం నిర్భయ నిధితో సఖి కేంద్రాలు పెడుతోంది. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, అయిదు రోజుల దాకా తలదాచుకునే చోటు, అన్నీ ఒక్కచోటే రాత్రీ పగలూ దొరకాలన్నది ఆ పథకం. మంచి పథకమే. మేము అడిగేదల్లా ఆ కేంద్రంలో మా భాష వినపడాలని, మా పద్ధతులు తెలిసి పని జరగాలని, దాన్ని నడిపేవాళ్లలో మా ఆడవాళ్లు ఉండాలని.

తేదీ చెప్పమంటే ఏం చెబుతుంది?

నార్నూరు అవతల ఏదో గూడెంలో రాత్రి దెబ్బలు తిన్న గోండు ఆడమనిషి సంగతి చూడండి. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేకపోయినా చీకటి పడ్డాక బస్సే ఉండదు. తెల్లారి ఉట్నూరు చేరాలి, అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు ఇంకో 50 కిలోమీటర్లు. చంకలో బిడ్డ. తోడుగా వచ్చింది మరిది, ఎందుకంటే ఇంట్లో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

కేంద్రంలో గృహ హింస నివేదిక ఫారం ముందు పెడతారు. ఎప్పుడు జరిగింది, తేదీ ఎంత, టైమెంత? ‘దండారి ఆటలయ్యాక’ అంటుందామె. ‘రెండోసారి పత్తి ఏరేటప్పుడు’ అంటుంది. రాసేవాళ్లకు దండారి పండుగ దీపావళి ముందు వస్తుందో, తర్వాత వస్తుందో తెలియదు. ఆ గడి ఖాళీగానైనా ఉండిపోతుంది, అందాజుగా ఒక తేదీ అయినా పడుతుంది. రేపు కోర్టులో అవతలి వకీలు పట్టుకునేది ఆ తేదీనే.

తర్వాత ప్రశ్న కట్నం. లేదంటుందామె. నిజమే, గోండుల్లో ఓలి ఇచ్చేది పెళ్లికొడుకు వైపు వాళ్లు. ‘కట్నం వేధింపు లేదు’ అని రాసేసి పేజీ తిప్పుతారు. ‘నీకిచ్చిన ఓలి, పెళ్లి ఖర్చు తిరిగి కట్టి పో’ అని అత్తింటివాళ్లు ఆమెను కట్టిపడేసిన సంగతి, ఆమె కూలి డబ్బులు ఆమె చేతికి రాని సంగతి ఆ ఫారంలోకి ఎక్కవు. అవి ఆర్థిక హింస కిందికి వస్తాయని చట్టం తెలిసినవాళ్లకు తెలుసు. ఓలి సంగతి తెలిసినవాళ్లు మాత్రమే ఆ ప్రశ్న అడగగలరు.

ఇక ఆ మరిది. అన్న కొట్టిన దెబ్బల గురించి వదిన చెప్పేది అతను తెలుగులోకి ఎంతవరకు తెస్తాడు? భర్త పడకలో చేసిన బలవంతం గురించి అతని ముందు ఆమె నోరు తెరుస్తుందా? ఉభయ పక్షాల్లో ఎవరికైనా బంధువైన మనిషిని, అందరూ రాసిచ్చి ఒప్పుకుంటే తప్ప, కౌన్సెలర్‌గా పెట్టకూడదని గృహ హింస చట్టం 2006 నియమాలే చెబుతున్నాయి. కౌన్సెలర్‌గా పనికిరాని బంధువు దుబాసీగా ఎలా పనికొస్తాడు? కొన్ని నేరాల్లో వైకల్యం ఉన్న బాధితురాలి ఫిర్యాదు రాసుకునేటప్పుడు అవసరమైన దుబాసీని పెట్టాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. భాష రాని ఆడమనిషికీ ఆ ఏర్పాటు చేయడానికి అడ్డేమిటి?

ఆచారం పేరుతో వెనక్కి పంపకండి

మా పెద్దలతో ఒక మాట. గోండు పెద్దలు తగవులు తీర్చే రాయి సెంటర్లంటే మాకు గౌరవం ఉంది. పోలీస్ స్టేషన్ గడప తొక్కడానికి భయపడిన కాలంలో భూమి తగాదాలు, పెళ్లి తగాదాలు అక్కడే తీరాయి. కానీ ఒళ్లు పగిలిన ఆడమనిషి విషయంలో ఆ కూర్చున్న వరుసలో ఆడవాళ్లెందరు? తప్పు కట్టిస్తే ఆ డబ్బు ఎవరికి పోతోంది? మొగుడు తప్పు కట్టి, అందరికీ భోజనం పెట్టి, అదే సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకుపోతే ఆ రాత్రికి జామీను ఎవరు? పెద్దలారా, ఆమెకు తోడుగా సఖి కేంద్రానికి రండి, సాక్ష్యం చెప్పండి, ఆమె పొలం పని ఆగకుండా చూడండి. రాజీ పడాలో వద్దో చెప్పాల్సింది ఆమె.

అధికారులతో ఇంకో మాట. ‘వాళ్లలో ఇవన్నీ మామూలే, వాళ్ల పెద్దలు చూసుకుంటారు’ అని ఫిర్యాదు పక్కన పెట్టడం ఆచారాన్ని గౌరవించడం కాదు, పని తప్పించుకోవడం. హిందూ వివాహ చట్టం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని తెలియక దాని కింద కేసు వేసి ఆమెను ఏళ్లతరబడి తిప్పే వకీళ్లూ ఉన్నారు. గృహ హింస చట్టం మాత్రం కులం, తెగ, మతం చూడదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఆమెకు ఇస్తోంది. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి. ఆదివాసీ మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది. ఇవి గోండిలో చెప్పేవాళ్లు లేకపోతే ఉండీ లాభం లేదు.

మొదట్లో జరిగిన నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో వాకపల్లి చూపించింది. 2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలోని ఆ ఊళ్లో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. తీర్పు వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేస్తూ, దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. మొదటి రోజుల్లో సరిగా సేకరించని సాక్ష్యం పదిహేనేళ్ల తర్వాత ఎక్కడి నుంచి వస్తుంది?

కుదరదనకండి

‘ఇన్ని భాషలకు మనుషుల్ని ఎక్కడ తెస్తాం’ అంటారు. 1943లో మన మార్లవాయిలోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చారు. గోండిలో వాచకాలు తయారుచేశారు. నిజాం కాలంలో, రోడ్లు లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఇప్పుడు ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న గోండు, కొలాం, లంబాడా ఆడపిల్లలు ఉన్నారు. గూడెం గూడెంలో ఆశ కార్యకర్తలున్నారు. దెబ్బలు తిని ‘కాలు జారి పడ్డాను’ అని వచ్చే ఆడమనిషిని మొదట చూసేది వాళ్లే. గుజరాత్‌లో వడోదర జిల్లాలో 1995లో మహిళా సమాఖ్య ఆడవాళ్లు నారీ అదాలత్ మొదలుపెట్టారు. పెద్ద చదువులు లేని పల్లెటూరి ఆడవాళ్లే చట్టం నేర్చుకుని, తోటి ఆడవాళ్ల గోడు విని, వాళ్ల పక్షాన నిలబడ్డారు. అది అక్కడ జరిగితే ఇక్కడెందుకు జరగదు?

మేము అడిగేవి

1. ఏజెన్సీ జిల్లాల ప్రతి సఖి కేంద్రంలో స్థానిక ఆదివాసీ భాష మాట్లాడే మహిళా కౌన్సెలర్‌ను పూర్తి జీతం మీద నియమించాలి. ఉట్నూరు వైపు గోండి, కొలామి, లంబాడీ. భద్రాచలం, ఏటూరునాగారం వైపు కోయ. పాడేరు వైపు కువి. సీతంపేట వైపు సవర. గౌరవ వేతనంతో సరిపెట్టొద్దు.

2. భర్త తరఫు బంధువును గానీ, ఊరి నాయకుణ్ణి గానీ దుబాసీగా కూర్చోబెట్టకూడదు. ఆమె మాట ఆమె భాషలో రికార్డు చేసి, రాసింది ఆమెకు చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.

3. ఉట్నూరులో సఖి ఉపకేంద్రం పెట్టాలి. రాత్రివేళ గూడెం నుంచి తీసుకురావడానికి బండి ఉండాలి.

4. ఓలి, తప్పు, మారు మనువు, చేతబడి నిందలు, ఆడవాళ్ల భూమి హక్కు: వీటి మీద సఖి సిబ్బందికి, రక్షణాధికారులకు, పోలీసులకు ఆదివాసీ మహిళలే శిక్షణ ఇవ్వాలి.

5. సఖి కేంద్రం పనితీరు చూసే కమిటీలో సగం మంది ఆదివాసీ మహిళలు ఉండాలి.

6. మహిళల సాయానికి ఉన్న 181 నంబరు గురించి ఆదిలాబాద్ ఆకాశవాణిలో, సంతల్లో, నాగోబా జాతరలో గోండి, కొలామి, లంబాడీలో చాటించాలి.

ఇవాళ మీరు చేయగలిగిన పని

ఏజెన్సీ గ్రామసభలకు అధికారమిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది. మన గ్రామసభ తీర్మానానికి విలువ ఉంది. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి: ‘మా ఊరి ఆడవాళ్లపై హింస జరిగితే ఊరు ఆమెకు తోడుంటుంది. ఆమె ఇష్టం లేకుండా రాజీ చేయదు. మా భాష తెలిసిన మహిళను సఖి కేంద్రంలో నియమించాలని ప్రభుత్వాన్ని కోరుతోంది.’ ఆడవాళ్లే ముందు సంతకాలు, వేలిముద్రలు వేయండి. ఒక నకలు కలెక్టర్‌కు, ఒకటి ఐటీడీఏ పీఓకు, ఒకటి మహిళా శిశు సంక్షేమ శాఖకు పంపించి రసీదు తీసుకోండి.

ఆపదలో ఉంటే 112కు, సాయానికి 181కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయండి. ఈ కరపత్రం చదవడం రానివాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించండి. తీర్మానం చేసిన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చేరితే ‘అడిగినవాళ్లు లేరు’ అనే సాకు అధికారులకు మిగలదు.