మీటిన స్వరం ఎంతసేపు బ్రతకాలి?

సంగీతం విషయంలో నాది కొంత ఛాందసమేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. ఈ టపా చదివి నన్నెఱిగినవారు ముక్కున వేలు వేసుకున్నా ఆశ్చర్యం లేదు.

అన్నోజిగూడలో మా మేడమీద వాటాలో ఒక కుఱ్ఱవాడు అద్దెకుంటున్నాడు. పగలు పోచారంలో కంప్యూటరు ఉద్యోగం, రాత్రి గిటారు. గిటారంటే సినిమా పాటలు కావు. కాళ్ళ దగ్గర నాలుగైదు చిన్న పెట్టెలు పెట్టుకుంటాడు. ఒక తంత్రి మీటి, పెట్టెను పాదంతో నొక్కుతాడు. ఆ ధ్వని తనంత తానే మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. దానిమీద ఇంకొకటి, ఆపైన మఱొకటి పేరుస్తాడు. నడుమ వీధిలో రికార్డు చేసి తెచ్చిన చప్పుళ్ళు కలుపుతాడు. ఒకనాడు పిలిచి వినిపించాడు. ఇరవై నిమిషాలు ఓపికగా కూర్చుని, "శ్రుతి చేసుకోవడం అయిందా నాయనా? వాయించడం ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాను. "వాయించడం కూడా అయిపోయింది మాస్టారూ" అన్నాడు.

ఆ మాటకు నవ్వుకుంటూ మెట్లు దిగాను గానీ, పడుకున్న తరువాత తంబురా గుర్తుకు వచ్చింది. దానిలో రాగం లేదు, తాళం లేదు, మొదలూ తుదీ లేవు. అయినా దానిని కాదని కచేరీ చేయగల ధీరుడెవరు? ఈ కుఱ్ఱవాళ్ళు వెనుక కూర్చున్న తంబురాను తెచ్చి వేదిక నడుమ కూర్చోబెట్టారు, అంతే. ఇంగ్లండువాడైన బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమంటూ ఒక రికార్డు వెలువరించి, ఈ మార్గానికి 'యాంబియెంట్' అన్న పేరు ఖాయం చేశాడు. శ్రద్ధగా వినవచ్చు, వినకుండా మన పని మనం చూసుకోనూవచ్చునని ఆయన అభిప్రాయం. ఆ రెండవ సగం నాకు మింగుడుపడదు. తంబురాను పట్టించుకోని గాయకుడి గతి ఏమవుతుందో మనకు తెలుసు.

మీటి వాయించే వాద్యాలకు ఒక శాపమున్నది. గాత్రానికి ఊపిరి ఉంది, వయొలిన్‌కు కమాను ఉంది. మీటిన స్వరం మాత్రం పుట్టిన మఱుక్షణం నుండే క్షీణిస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) ఎదుర్కొన్న చిక్కు ఇదే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాద్యకారుడు కారు. ఆయన పాడితే శిష్యుడు వాయించి నేర్చుకున్నాడు. అంటే కంఠంలోని గమకాన్ని మెట్లమీదికి తేవాలి. మాండలిన్‌కు తంత్రులు జంటలుగా ఉంటాయి. శ్రీనివాస్ ఆ జంటలను విడిచి ఒంటి తంత్రులు పెట్టుకున్నాడు, ఐదవ తంత్రి చేర్చాడు, విద్యుత్ వాద్యాన్ని చేపట్టాడు. ఒక్క మీటుకు స్వరం నిలిచి, ఊగడానికి వ్యవధి దొరికింది.

అక్కడ కెనడావాడైన మైకేల్ బ్రూక్ కూడా ఈ శాపంతోనే పెనుగులాడాడు. తంత్రి కదలికను పట్టి, పెంచి, తిరిగి ఆ తంత్రికే అందించే ఏర్పాటు చేశాడు. ఇక ఆ స్వరం ఆగదు. దానిపేరు 'ఇన్ఫినిట్ గిటార్'. 1987లో యూటూ బృందం పాటలో లోకమంతా దానిని విన్నది. ఈ ఇద్దఱూ కలిసి 1995లో రియల్ వరల్డ్ సంస్థ ద్వారా 'డ్రీమ్' వెలువరించారు. 'ఫ్యూజన్' అన్న మాట చెవిన పడగానే నేను దానిని పక్కన పెట్టినవాడినే. మేడమీది అబ్బాయి పుణ్యమా అని మొన్న విన్నాను. ఒకరిది స్వరాన్ని చావనివ్వని పట్టుదల, ఇంకొకరిది చచ్చేలోపల దానిని పాడించాలన్న తపన. బ్రూక్ పఱచిన పొగమంచులో శ్రీనివాస్ గమకం కరగిపోలేదు. ముప్పై యేళ్ళు ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను.

ఇక వీధి చప్పుళ్ళ సంగతి. మన శాస్త్రం షడ్జానికి నెమలిని, పంచమానికి కోకిలను, నిషాదానికి ఏనుగును చూపింది. (ధైవతం దగ్గఱ కప్పా, గుఱ్ఱమా అన్నది గ్రంథకర్తలకే పొత్తు కుదరలేదు!) చిట్టిబాబుగారు వీణమీద కోయిలను పలికించారు. పారిస్‌లో పియర్ షాఫర్ 1948లో రైలుబండ్ల చప్పుడునే రికార్డు చేసి, కోసి, కూర్చి సంగీతమన్నాడు. చిట్టిబాబుగారి శ్రమ వ్రేళ్ళలో ఉంది, షాఫర్ శ్రమ చెవిలో ఉంది. చెవి శ్రమ తక్కువదని నేననను, కానీ ఆ చెవి ఎవరిదో తెలియాలి.

మా అబ్బాయి కూర్పు ఒకదానిలో సెలయేరు, కోయిల, గుడిగంట ఉన్నాయి. "ఎక్కడివయ్యా?" అంటే ఇంటర్నెట్టు నుండి దించుకున్నానన్నాడు. వరంగల్లు రహదారి ప్రక్కన బ్రతుకుతూ అరువు సెలయేఱు దేనికి? రెండవ కూర్పు వేఱు. మా వెనుక స్థలంలో రాత్రంతా బోరు వేసినప్పుడు డాబా మీదినుండి పట్టిన ధ్వని అది. రాయి తగిలినప్పుడు చప్పుడు మారుతుంది. అక్కడ అతని గిటారు ఒకే స్వరం పట్టుకుని నిలబడుతుంది. ఆ బోరులో నీళ్ళు పడలేదు. తెల్లవారి దుమ్ములో నిలబడ్డ ఆ ఇంటి దంపతులను నేను చూశాను. ఆ కూర్పు రెండుసార్లు విన్నాను, మూడవసారి వినలేకపోయాను.

నా ఉద్యోగపు రోజులలో ఆఖరి పీరియడులో నలభైమంది పిల్లలు ఒక్క గొంతుతో పద్యం అప్పజెప్పేవారు. ఒకడు ముందు పరుగెత్తేవాడు, ఒకడు వెనుకబడేవాడు, యతిస్థానం దగ్గఱ అందఱూ కలిసేవారు. ఆ ధ్వని నావద్ద లేదు. పట్టి ఉంచుకోవాలన్న ఆలోచనే అప్పుడు రాలేదు. ఏదైనా బడికి వెళ్ళి అటువంటిది పట్టుకురమ్మని అబ్బాయికి చెప్పాను. ప్రధానోపాధ్యాయులవారి అనుమతి కావాలన్నాడు. అర్జీ నేనే వ్రాసి ఇచ్చాను, శనివారం తీసుకువెళ్తానన్నాడు.