పడవకు వేళ ఉంది, పొలానికి లేదు

మహారాష్ట్రలో కొలాడ్ దగ్గర కుండలికా నదిలో రబ్బరు పడవల ఆట నడుస్తుంది. ముల్షీ డ్యామ్ నీళ్లతో భీరా పవర్‌హౌస్‌లో కరెంటు తీసి, ఆ నీళ్లు నదిలోకి వదిలే వేళ చూసుకుని పొద్దున్నే పడవలు దింపుతారు. ఆ డ్యామ్ కింద భూములు మునుగుతాయని 1921లో రైతులు సత్యాగ్రహం చేశారు. ఆ సంగతి పడవెక్కేవాళ్లకు ఎవరు చెబుతారులే!

ఆట మీద మనకు కోపం లేదు. కానీ కాలువ చివరి భూముల్లో ఉన్న మనకు వేళ కాదు, తేదీ కూడా తెలియదు. వారబందీ అంటారు. మన వంతు వచ్చేసరికి పై తూముల దగ్గరే నీళ్లు అయిపోతాయి, నారు ముదిరిపోతుంది. ఏ మేజరుకు ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదులుతారో నారుమళ్లు పోయకముందే ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. రాయకపోతే ఈ ఖరీఫ్‌లో ఇరిగేషన్ ఆఫీసు ముందే కూర్చుందాం.