అల్లరియా, ఆర్తియా?

చార్మినారు చుట్టునున్న గల్లీలలో నివాసగృహములే బడులుగా నడుచుచున్నవి పెక్కులు గలవు. ఇరుకు గదినిండ పిల్లలు. పైన రేకుల కప్పు. కిటికీ దాపుననే ఆటోల హారను మ్రోత. అట్టిచోట ఒక బాలుడు గంట మ్రోగినంతనే చెవులు మూసికొని కేకలు వేయును. వేరొకడు పది నిమిషములైన బల్లపై కుదురుగ కూర్చుండలేక ప్రక్కవానిని నెట్టును. మూడవవాడు చొక్కా మెడపట్టీ ఒరయుచున్నదని దానిని పట్టి లాగి చింపుకొనును. పెద్దలు ఈ మువ్వురికిని ఒకటే పేరు పెట్టెదరు. తెలుగువారింట నది అల్లరి, ఉర్దూవారింట షరారత్. మందును ఒక్కటే, బెత్తము.

ఈ మందు తప్పని మేము ఘంటాపథముగ చెప్పుచున్నాము. ఇది కేవలము దయాదాక్షిణ్యముల మాట కాదు. పిల్లవాని శరీరధర్మము నెరుగుట యెరుగకుండుటల మాట.

మనము పంచేంద్రియములనే యెన్నుదుము. అవి గాక, కండరములును కీళ్ళును అవయవముల స్థితిని మెదడునకు తెలుపుచుండును. లోచెవి శరీరపు తూకమును తెలుపుచుండును. ఈ వార్తలలో వలయునవి గైకొని వలదనినవి విడుచుట నాడీమండలము పని. కొందరు పిల్లలలో ఆ వడపోత చాలదు; ఇతరులు లెక్కింపని ధ్వని వారికి పిడుగుపాటగును. మరికొందరికి ఆ వార్తలు మందముగ నందును. వారి శరీరము కదలికను, ఒత్తిడిని వెదకికొనుచుండును. బాధ మితిమీరినపుడు గుండె వడిగ కొట్టుకొనును, కండరములు బిగియును. పారిపోవుటయో తిరుగబడుటయో తప్ప బాలునికి వేరొండు తోచదు. ఆ క్షణమున బెత్తమెత్తుట అగ్నిలో ఆజ్యము పోయుటయే.

అమెరికా దేశపు ఆక్యుపేషనల్ థెరపీ నిపుణురాలు జీన్ ఎయిర్స్ 1972లో ఈ విషయమున గ్రంథము ప్రకటించెను. 2013లో ఆ దేశపు మానసికవైద్యుల సంఘము ఇంద్రియస్పందనములోని హెచ్చుతగ్గులను ఆటిజము లక్షణములలో చేర్చెను. మన ముత్తవలు ఈ గ్రంథములు చదువలేదు. అయినను ఊయల నూపిరి, నూనెతో మర్దన చేసిరి, జోకొట్టిరి. తొక్కుడుబిళ్ళ, ఉప్పుమూట మున్నగు ఆటలలో పిల్లలు గెంతిరి, బరువులు మోసిరి. ఆ యాటలకు ముంగిళ్ళుండెను. నేడు ముంగిళ్ళు పోయినవి, బెత్తము మాత్రము నిలిచినది!

"మొక్కయి వంగనిది మానయి వంగునా" యని కొందరనవచ్చును. నీరందక వాడిన మొక్కను వంచినచో విరుగును గాని పెరుగదు. "ప్రతి యల్లరికిని రోగము పేరు తగిలింతురా?" యని మరికొందరడుగవచ్చును. తగిలింపరాదు. ఇంద్రియవైకల్యమును ప్రత్యేక రోగముగ నిర్ణయింపరాదనియు, తత్సంబంధ చికిత్సలకు నిదర్శనములు పరిమితములనియు 2012లో అమెరికా శిశువైద్యుల సంఘమే హెచ్చరించెను. కావున వేలకు వేలు గుంజు చికిత్సల యాశకు తలిదండ్రులు లోబడవలదు. కాని పిల్లవాడు ఏ వేళ, ఏ చోట, ఏ శబ్దమునకు కలతపడుచున్నాడో గమనించుటకు దమ్మిడీ ఖర్చు లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. ఆ చట్టపు అనుబంధము ప్రతి బడికిని ఆటస్థలము వలయునన్నది. అల్పసంఖ్యాకుల బడులకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. చట్టమునకు మినహాయింపు దొరకవచ్చును. పిల్లవాని నాడులకు మినహాయింపు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, అభ్యసన వైకల్యములను గుర్తించినది. 1984లో నెలకొల్పబడిన జాతీయసంస్థ సికిందరాబాదు మనోవికాస్ నగరులో నున్నది. అయితే లక్కగాజులు చేసి పొట్టపోసికొను పాతబస్తీ తల్లి, మూసీ దాటి నగరపు ఆ కొసకు పోయి రావలెనన్న ఒక దినపు కూలి పోగొట్టుకొనవలెను. అట్టి త్యాగము ఆమె నెలకెన్నిమార్లు చేయగలదు?

కనుక మేము కోరునది స్వల్పము. ఉపాధ్యాయ శిక్షణలో ఈ విషయమును తప్పనిసరి చేయవలెను. పిల్లలను గంటకొకమారు లేపి కదలనీయవలెను. ప్రతి బడిలోను సద్దులేని మూల యొకటి యుండవలెను. వారమున కొకనాడైనను నిపుణులే పాతబస్తీ బడులకు రావలెను.

పఠనాలయములలో కూర్చుండి ఈ పంక్తులు చదువు మహాశయులారా! రేపే మీ వాడలోని బడికి పొండు. బెత్తమెచ్చట నున్నది, ఆటస్థలమెచ్చట నున్నది యని యీ రెండే యడుగుడు. మొదటిదానికి వెంటనే సమాధానము వచ్చి రెండవదానికి రానిచో, అచ్చట దిద్దుకొనవలసినవారు పిల్లలు కారు.