రైతు సోదరులకు: గులాబీ పురుగు తల్లిని ఎరుగుదురా?

పత్తి చేలో శనగపచ్చ పురుగును మీకు కొత్తగా చూపనక్కరలేదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలను అప్పుల్లో ముంచిన పురుగది. 2002లో బీటీ పత్తి వచ్చాక దాని ఉధృతి తగ్గింది. ఇప్పుడు ఆఖరి తీతలను పాడుచేస్తున్నది గులాబీ రంగు కాయతొలుచు పురుగు. అది కాయలో దూరాక కంటికి కనబడదు, మందుకు అందదు. కాబట్టి తల్లి పురుగునే ముందుగా పట్టుకోవాలి.

దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులన్నీ అది కావు. ముందు రెక్కలపై తెల్లని అడ్డగీతలుండే పెద్దది, మిరపను కూడా తినే పొగాకు లద్దెపురుగు తల్లి. గులాబీ పురుగు తల్లి రెక్కలు ముడిస్తే సెంటీమీటరుకు మించదు. బూడిద కలిసిన గోధుమ రంగు, ముందు రెక్కలపై నల్లని మచ్చలు, వెనుక రెక్కల అంచున కుచ్చులాంటి వెంట్రుకలు. లింగాకర్షక బుట్టలో వరుసగా 3 రాత్రులు, రాత్రికి 8 చొప్పున పడితే ఇక ఆలస్యం చేయవద్దు. బుట్ట లేనివారు పూలు చూడండి. రేకులు విచ్చుకోని గుడ్డి పువ్వులో పురుగుంటుంది. ఏరి నాశనం చేయండి.

ఇది పరాయి దేశపు పురుగేమో అనుకుంటారు కొందరు. 1843లో సాండర్స్ దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టింది గుజరాత్‌లోని భరూచ్ నుండి వచ్చిన పురుగులను చూసే! మన దేశపు విత్తనాలతో ఈజిప్టుకు, ఈజిప్టు విత్తనాలతో 1911లో మెక్సికోకు చేరింది. 1917లో అమెరికాలోని టెక్సస్‌లో కనబడింది. రెండు గింజలను కలిపి కుట్టుకుని మధ్యలో నిద్రపోతుంది గనుక సముద్రాలు దాటగలిగింది.

అమెరికా రైతులు బీటీ పత్తి వేశారు, గడువులోగా మోళ్లు దున్నేశారు. సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుండి వదిలారు. 2018 అక్టోబరులో తమ పత్తి పొలాల్లో అది లేదని ఆ దేశం ప్రకటించింది. మన దేశంలోనేమో 2014-15 నాటికే గుజరాత్‌లో రెండు జన్యువుల బీటీని కూడా తట్టుకుంది. ఆ రోజుల్లో ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం విడిగా ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేసినవారు ఎందరు?

క్రిస్మస్ దాటాక మరో తీత వస్తుందని చేనుకు నీరు పెట్టకండి. ఆ కాయలే పురుగుకు మేత. వంటచెరకుకని ఇంటి వెనుక పేర్చిన పత్తి కట్టెలో, ఎండిపోయిన కాయల్లో అది వేసవంతా నిద్రపోయి, తొలకరి తర్వాత తల్లి పురుగై మళ్లీ చేలోకే వస్తుంది. కట్టెను వానలు రాకముందే కాల్చేయండి.