కాపాడే చేతులకు రక్షణేదీ?

ఆసుపత్రిలో ముప్పు రోగికే అనుకుంటారు చాలామంది. ఇంజెక్షన్ చేసే నర్సుకూ, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్‌కూ, చెత్త సంచి మోసే ఆయమ్మకూ అది పొంచే ఉంటుంది. వాడిన సూది వేలికి గుచ్చుకుంటే చాలు!

సూదిపోటు అనగానే గుర్తొచ్చేది ఎయిడ్స్. అయితే హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూదితో ఆ వైరస్ సోకే అవకాశం వెయ్యికి 3 మాత్రమే. అదే హెపటైటిస్-బి అయితే, టీకా వేయించుకోనివాళ్లలో వందకు 6 నుంచి 30 దాకా. ఎండిన రక్తపు మరకలోనూ ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. ఒంట్లో చేరాక కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని తినేస్తుంది. సిర్రోసిస్‌కో, క్యాన్సర్‌కో దారితీస్తుంది.

దీన్ని ఆపే టీకా ఉంది. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. దేశంలోనే తొలిసారిగా దాన్ని సొంతంగా తయారుచేసి 1997లో మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. పసిపిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో దేశమంతటా ఇది చేరింది మాత్రం 2011లో. అంటే, ఇప్పుడు వార్డుల్లో పనిచేస్తున్నవారిలో చాలామందికి చిన్నప్పుడు ఇది పడలేదన్నమాట.

మరి ఎవరు వేయించాలి? ఆసుపత్రే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. వైద్య సిబ్బందితో పాటు, వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కూడా వైద్య సిబ్బందికి ఈ టీకాను చేర్చింది.

చిక్కల్లా మూడో డోసుతోనే. ఆరు నెలలు తిరిగేసరికి కాంట్రాక్టరు మారితే, ఆయమ్మ మరో ఆసుపత్రికి వెళ్లిపోతే... ఆ డోసు సంగతి గుర్తుపెట్టుకునేదెవరు? అందుకే వేసిన తేదీలతో ఓ కార్డు ఆమె చేతికే ఇవ్వాలి. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే రక్షణ వచ్చిందో లేదో తేలిపోతుంది.

2021 జనవరి 16న కరోనా టీకా మొదలైనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ తొలి డోసు పారిశుద్ధ్య కార్మికులకే వేశారు. ఆనాటి ఆ వరస ఈ టీకాకూ వర్తించాలి.

సూది గుచ్చుకుంటే...
* గాయాన్ని పిండకూడదు. వేలిని నోట్లో పెట్టుకోకూడదు.
* వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో కడగాలి.
* దాచకుండా డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ అవసరమైతే, 24 గంటల్లోపు పడితే మేలు.