గ్రిడ్ వరుసలో డీకేటీ భూమి ఎక్కడ?

రాయలసీమలో మెట్ట భూమి విలువను ఒకప్పుడు వాన, బోరు తేల్చేవి. ఇప్పుడు చాలా మండలాల్లో సబ్‌స్టేషన్ తేలుస్తోంది. ఫలానా చోట పెద్ద సబ్‌స్టేషన్ వస్తుందని తెలిసిన వెంటనే ఏజెంట్లు ఊళ్లలోకి దిగుతారు, సర్వే నంబర్లు అడుగుతారు, పాసు పుస్తకాలకు ఫోటోలు తీసుకుంటారు. సోలార్ కంపెనీ పేరు బయటికి వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

కొత్త విద్యుత్ ప్రాజెక్టుల గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా మెగావాట్లు, పెట్టుబడులు, ఉద్యోగాల చుట్టూ తిరుగుతుంది. తయారైన కరెంటు గ్రిడ్‌లోకి ఎలా చేరుతుంది, ఆ అనుమతి ఎవరికి ఏ కాగితం చూసి ఇస్తారు అన్న ప్రశ్నను ఇంజనీర్లకు వదిలేశాం. ఆ సాంకేతిక నిబంధనల్లోనే దళితుల భూమి ప్రశ్న దాగి ఉందని మేము అనుకుంటున్నాం.

వరుసలో నిలబడటానికి కావాల్సిన కాగితం

ఎంత పెద్ద సోలార్ ప్లాంటు కట్టినా గ్రిడ్‌కు కలపకపోతే అది ఎండలో పరిచిన అద్దాల కిందే లెక్క. రాష్ట్రాల మధ్య నడిచే హైటెన్షన్ లైన్లకు ప్రాజెక్టును కలపాలంటే సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ సబ్‌స్టేషన్‌లో ఎంత ఖాళీ ఉందో చూసి ఆ సంస్థ అనుమతి ఇస్తుంది. దీన్నే కనెక్టివిటీ అంటారు. సబ్‌స్టేషన్ సామర్థ్యానికి ఒక హద్దు ఉంటుంది కాబట్టి ఇది నిజంగానే ఒక వరుస. ముందు నిలబడ్డవాడికి చోటు దొరుకుతుంది, వెనకవాడు కొత్త లైను పడేదాకా ఆగాలి. రాజస్థాన్‌లో లైన్లు చాలక, ప్లాంట్లు సిద్ధంగా ఉన్నా పగటి పూట ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వస్తున్నదంటే ఈ వరుసలో చోటుకు ఉన్న విలువ అర్థమవుతుంది.

ఈ వరుసకు నియమాలు పెట్టింది కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి. 2022 నాటి నిబంధనలు, వాటికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం సౌర, పవన విద్యుత్ కంపెనీ మూడింటిలో ఏదో ఒకటి చూపాలి. ఒకటి, కరెంటు కొనుగోలు ఒప్పందం లేదా టెండరు గెలిచిన పత్రం. రెండు, కావాల్సిన భూమిలో సగానికి రిజిస్టరైన హక్కు లేదా లీజు పత్రాలు. మూడు, భూమి పత్రాలకు బదులుగా మెగావాట్‌కు 10 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ. చట్రం ఇదే.

దీన్ని ఊరి వైపు నుంచి చదువుదాం. సోలార్‌కు మెగావాట్‌కు సుమారు నాలుగైదు ఎకరాలు కావాలి. 300 మెగావాట్ల ప్రాజెక్టుకు తక్కువలో తక్కువ 1,200 ఎకరాలు. అందులో సగం, అంటే 600 ఎకరాల పత్రాలు చూపాలి, లేదా 30 కోట్ల గ్యారంటీ పెట్టాలి. గ్యారంటీ పెట్టినవారు కూడా గడువులోగా భూమి పత్రాలు తేవాల్సిందే. గడువు దాటితే వరుసలో చోటు పోతుంది. కంపెనీ మీద ఉన్న ఈ గడువు ఒత్తిడి ఏజెంటు మీదికి, ఏజెంటు నుంచి తహసీల్దారు ఆఫీసు మీదికి, చివరకు కాగితం సరిగా లేని రైతు మీదికి దిగుతుంది. పత్రం ఉందా లేదా అనేది నిబంధన చూస్తుంది. ఆ భూమిని ముప్పై ఏళ్లుగా ఎవరు దున్నుతున్నారో అది అడగదు.

కాగితం దగ్గరే ఓడిపోతున్నాం

తెలుగు రాష్ట్రాల్లో దళిత కుటుంబాల చేతిలో ఉన్న భూమిలో పెద్ద భాగం ప్రభుత్వం అసైన్ చేసిందే. సీమలో దాన్ని డీకేటీ పట్టా అంటాం. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ భూమిని అమ్మకూడదని, తాకట్టు, దానం, కౌలు చేయకూడదని చెప్పింది. భూమి పేదల చేయి దాటిపోకుండా కాపాడటమే దాని ఉద్దేశం. ఆ రక్షణ అవసరం ఇప్పటికీ తీరలేదు.

కానీ సోలార్ వచ్చాక అదే నియమం రెండు రకాల రైతులను తయారు చేసింది. గట్టుకు అటువైపు పట్టా భూమి ఉన్న రైతు కంపెనీతో నేరుగా కూర్చుని ఎకరాకు ఏటా ఇంత కౌలు అని మాట్లాడుకోగలడు. ఇటువైపు డీకేటీ రైతుతో కంపెనీ మాట్లాడక్కర్లేదు. ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకుని ప్రాజెక్టుకు అప్పగించవచ్చు. అప్పుడు పట్టాదారుకు ఇరవై అయిదేళ్లు ఏటా ఆదాయం, అసైనీకి ఒక్కసారి పరిహారం. అదే ఎండ, అదే నేల, అదే సబ్‌స్టేషన్. ఒకరికి అద్దె, ఒకరికి సెలవు.

పరిహారంలో తేడా ఉండకూడదని న్యాయస్థానం ఎప్పుడో చెప్పింది. మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో, అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం కోసం తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని తీర్పునిచ్చింది. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం అసైన్ చేసిన భూమి పోగొట్టుకున్న కుటుంబాన్ని, మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారును, వ్యవసాయ కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది.

అయితే ఈ హక్కులు పేరు రికార్డుల్లో ఉన్నవారికే తేలిగ్గా అందుతాయి. చనిపోయిన తాత పేరు మీదే ఉన్న పట్టా, విరాసత్ కాని భూమి, సాగులో ఉన్నా పట్టా రాని భూమి, చుక్కల భూమి, నిషేధిత 22ఏ జాబితాలో ఇరుక్కున్న సర్వే నంబరు మన వాడల్లో ప్రతి రెండో ఇంటి కథ. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం సవరించి, అసైన్ చేసి ఇరవై ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కులు ఇస్తామన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాల ఆరోపణలతో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. అక్రమాలు జరిగితే విచారించాల్సిందే. కానీ అసలు అసైనీ మాత్రం మళ్లీ కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు. కంపెనీల వరుస నెలల లెక్కన కదులుతుంది. అసైనీల వరుస తరాల లెక్కన కదులుతుంది.

లైను కింద ఉన్నవారు

ప్లాంటుకు భూమి ఇవ్వని ఊళ్లకు కూడా ఈ కథ చేరుతుంది. ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్‌కు, అక్కడి నుంచి నగరాలకు లైన్లు పొలాల మీదుగానే వెళ్లాలి. లైను వేయడానికి భూసేకరణ చేయరు. భూమి రైతు పేరుతోనే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం లైను సంస్థకు వెళ్తుంది. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద ప్రభుత్వం ఆ సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు ఇవ్వవచ్చు. అవి ఉంటే రైతు ముందస్తు సమ్మతి అక్కర్లేదు. 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చి టెలిగ్రాఫ్ చట్టాన్ని రద్దు చేసినప్పుడు కూడా, కరెంటు లైన్ల కోసం ఆ పాత భాగాన్ని నిలిపి ఉంచారు. వలస పాలన నాటి అధికారం ఇప్పుడు హరిత విద్యుత్ పేరుతో నడుస్తోంది.

400 కేవీ లైనుకు 46 మీటర్ల వెడల్పు దారి కావాలి. అంటే కిలోమీటరుకు సుమారు 11 ఎకరాలు. కేంద్ర విద్యుత్ శాఖ 2015 మార్గదర్శకాల్లో టవర్ కాళ్ల కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి గరిష్ఠంగా 15 శాతం పరిహారం అన్నారు. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచారు. పెంపు మంచిదే. కానీ రెండెకరాల రైతుకు లెక్క వేసి చూడండి. తీగల కింద అర ఎకరా పడి, ఎకరా విలువ రెండు లక్షలుగా కడితే చేతికి వచ్చేది 30 వేలు, అదీ ఒక్కసారే. ఆ లైను దశాబ్దాలు ఉంటుంది. దాని కింద ఇల్లు కట్టలేడు, ఎత్తు పెరిగే చెట్టు పెట్టలేడు. ఇరవై ఎకరాల రైతుకు అర ఎకరా ఒక మూల. రెండెకరాల రైతుకు అది పావు వంతు బతుకు.

వీటన్నిటిలో ఊరు నోరు విప్పే చోటు ఎక్కడ? సోలార్ ప్లాంట్లకు పర్యావరణ అనుమతి నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. లైన్లకూ లేదు. ప్రైవేటు లీజుల మీద నడిచే ప్రాజెక్టుకు సామాజిక ప్రభావ అంచనా లేదు. కర్నూలు సోలార్ పార్కు గని, శకునాల పరిధిలో 1,000 మెగావాట్ల కోసం సుమారు 5,900 ఎకరాల్లో వచ్చింది. అంత భూమి వాడకం మారినప్పుడు కలుపు తీసే ఆడవాళ్ల కూలి, గొర్రెల మేత ఏమవుతాయో లెక్కగట్టే బాధ్యత ఏ ఫైలులోనూ ఉండదు.

మనమే ఉత్పత్తిదారులం కాలేమా?

మేము సౌర విద్యుత్తుకు వ్యతిరేకం కాదు. బొగ్గు పొగ, బూడిద చెరువుల పక్కన బతికేదీ ఎక్కువగా మనవాళ్లే. ఈ మార్పులో మనకు దక్కే స్థానం గురించే మా ప్రశ్న.

2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలోని ఏ విభాగం ప్రకారం రైతులు, రైతు సంఘాలు, పంచాయతీలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి దగ్గరలోని పల్లె సబ్‌స్టేషన్‌కు కలపవచ్చు. అయిదు దళిత కుటుంబాలకు రెండేసి ఎకరాలు ఉంటే పదెకరాలు, అంటే 2 మెగావాట్లు. భూమి సరిపోతుంది. సరిపోనిది పెట్టుబడి. ప్లాంటుకు కోట్లలో ఖర్చవుతుంది, అందులో సొంత వాటా చూపందే బ్యాంకు అప్పు ఇవ్వదు. అందుకే ఈ పథకం కూడా డబ్బున్నవారి వైపే ఒరుగుతుంది, మన భూమికి మళ్లీ కౌలు పాత్రే మిగులుతుంది.

ఈ ఖాళీని పూడ్చే వనరు మన దగ్గర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి సాధించుకున్న 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీ, ఎస్టీల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని చెబుతున్నాయి. ఆ నిధులను ఎక్కడెక్కడో సర్దే బదులు, అసైనీ సంఘాల సోలార్ ప్లాంట్లలో సొంత వాటాగా పెట్టాలి. పల్లె సబ్‌స్టేషన్లలో కొత్త ప్లాంట్లకు ఉన్న ఖాళీలో కొంత భాగాన్ని ఆ సంఘాలకు కేటాయించాలి. నిధి ఉండి వరుసలో చోటు లేకపోయినా, చోటు ఉండి నిధి లేకపోయినా ఫలితం ఒకటే.

దీనితో పాటు మూడు డిమాండ్లు మన ముందున్నాయి. కొత్త సబ్‌స్టేషన్, లైను ప్రణాళిక దశలోనే ప్రభావిత సర్వే నంబర్లను గ్రామసభలో పెట్టాలి, అందులో అసైన్డ్ భూముల జాబితా విడిగా ఉండాలి. అసైన్డ్ భూమిని ప్రాజెక్టుకు ఇచ్చినప్పుడు యాజమాన్యం అసైనీ పేరునే ఉంచి, పట్టా రైతుతో సమానంగా ఏటా కౌలు నేరుగా అతని లేదా ఆమె ఖాతాలో వేయాలి. లైను కింది భూమికి ఒక్కసారి పరిహారంతో పాటు లైను ఉన్నన్నాళ్లూ వార్షిక చెల్లింపు ఉండాలి.

చట్టం మారేదాకా చేయగలిగిన పనులూ ఉన్నాయి. ఊళ్లో సబ్‌స్టేషన్ మాట వినపడగానే అడంగల్, 1బి, 22ఏ జాబితా నకళ్లు తీయించాలి. విరాసత్ కానివాటికి వెంటనే దరఖాస్తు పెట్టించాలి. లైను మ్యాపు, 164 సెక్షన్ ఉత్తర్వు సమాచార హక్కు కింద అడగాలి. లైను పరిహారం చాలకపోతే టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ కింద జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లవచ్చు. బెదిరించో రికార్డు మార్చో దళితుల భూమి తీసుకుంటే, అది అట్రాసిటీ చట్టం 3(1)(ఎఫ్), (జి) కింద నేరం. చట్టం చదువుకున్న విద్యార్థులు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు చేయదగిన పని ఇది.

వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ 1943లోనే, విద్యుత్తు ఎవరి చేతుల్లో ఉండాలి, ప్రభుత్వం చేతుల్లోనా ప్రైవేటు చేతుల్లోనా అన్న ప్రశ్నను దేశ విద్యుత్ విధానం ముందు పెట్టారు. పేదరికం నుంచి బయటపడే దారిగా ఆయన కరెంటును చూశారు. ఎనభై ఏళ్ల తర్వాత మన పొలాల మీదుగా తీగలు వెళుతున్నాయి. ఆ తీగల చివర మన పేరుతో ఒక మీటరు కాదు, మన పేరుతో ఒక ప్లాంటు ఉండాలని అడిగే సమయం ఇది. సబ్‌స్టేషన్‌లో ఖాళీ ఉన్నప్పుడే అడగాలి.