కాలం మీద నెపం చెల్లదు

దసరా వెళ్లిందంటే కర్నూలు జిల్లా పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం మండలాల్లో ‘సుగ్గి’ మాట, అంటే కూలి పనులకు వలస మాట మొదలవుతుంది. బియ్యం మూటలు, వంట సామాను, దుప్పట్లు, బడి మానిన పిల్లలు అన్నీ ఒకే బొలేరోలోకి ఎక్కుతాయి. కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, మరికొందరు గుంటూరు వైపు మిరప కోతకు. ఊళ్లో మిగిలేది తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఎందుకిలా అంటే ఏ ప్రభుత్వమైనా చెప్పే జవాబు ఒకటే: వానల్లేవు.

ఈ జవాబు చెల్లదని 2,300 ఏళ్ల కిందటే చైనాలో ఒకాయన తేల్చేశాడు. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన మెన్షియస్ ఆయన. లియాంగ్ రాజు హుయి ఆయన ముందు గొప్పలు పోయాడు. నదికి ఒక పక్క పంట పోతే జనాన్ని రెండో పక్కకు తరలిస్తాననీ, అక్కడి ధాన్యం ఇక్కడికి తెప్పిస్తాననీ, ఇరుగుపొరుగు రాజులెవరూ ఇంత చేయరనీ చెప్పుకొన్నాడు. మెన్షియస్ ఎదురు ప్రశ్న వేశాడు. యుద్ధంలో వెన్నిచ్చి యాభై అడుగులు పరుగెత్తినవాడు, వంద అడుగులు పరుగెత్తినవాణ్ని చూసి నవ్వొచ్చా? అంతటితో ఊరుకోలేదు. జనం ఆకలితో పోతుంటే తప్పు కాలానిదనడం, మనిషిని పొడిచి తప్పు కత్తిదనడం ఒకటేనన్నాడు.

మన ఎన్నికల ప్రసంగాల్లో నడిచేది ఈ యాభై, వంద అడుగుల లెక్కే. వాళ్లకంటే మేం ఎక్కువ పంచామని ఒకరు, మీకంటే ముందే ఇచ్చామని మరొకరు. సుగ్గి బండి మాత్రం ఎవరి హయాంలోనూ ఆగలేదు.

అసలు నేరం కాలానిదేనా? తుంగభద్ర దిగువ కాలువ సంగతి చూద్దాం. 1953లో పూర్తయిన ఆనకట్ట నుంచి ఈ కాలువకు ఆంధ్ర వాటా 24 టీఎంసీలు, కర్నూలు జిల్లాలో ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. కర్ణాటకలో సుమారు 250 కిలోమీటర్లు పారాకే నీళ్లు మన వైపు చేరాలి. దారిలో తూములు, మోటార్లు తోడుకోగా మిగిలిందే చివరి భూములకు. మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరకు దిగింది. 2024 ఆగస్టు 10న 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది కరువు రోజుల్లో కాదు, జలాశయం నిండుగా ఉన్నప్పుడు! తెగిన గొలుసును వానల ఖాతాలో రాయలేం కదా.

చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరని కూడా మెన్షియస్ విడదీశాడు. కొండను చంకన పెట్టుకుని సముద్రం దాటలేనంటే నిజమే, పెద్దాయన కోసం చెట్టుకొమ్మ విరవలేనంటే అది ఒళ్లు వంచకపోవడం. గుండ్రేవుల జలాశయం, వేదవతి ఎత్తిపోతల పథకం కొండంత పనులే అనుకుందాం. పిల్లకాలువల పూడిక తీయడం, ఉపాధి కూలి వేళకు చేతిలో పెట్టడం, వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు బండ్లు కదలకముందే తెరవడం మాత్రం కొమ్మ విరిచినంత పనే. ఉపాధి హామీ చట్టం 2005లోనే 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి అని రాసింది. ఆ కూలి కోసం ఎదురుచూడలేకే మనిషి మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు అందుకుంటాడు.

నిలకడైన బతుకుతెరువు లేనిచోట నిలకడైన మనసును ఆశించవద్దన్నది మెన్షియస్ చెప్పిన వాటిలో మనకు బాగా తగిలే మాట. డబ్బుకు ఓటు అమ్ముకుంటున్నారని, పిల్లల్ని బడి మాన్పిస్తున్నారని, ఆడపిల్లకు తొందరగా పెళ్లి చేస్తున్నారని ఈ పల్లెలకు నీతులు చెప్పేవాళ్లు ముందు ఆ మాటకు జవాబు చెప్పాలి. ఉన్న ఊళ్లోనే బతుకు నిలబెట్టడం ఇక్కడివారికి తెలియని విద్యేమీ కాదు. పక్కనే ఉన్న ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాన్ని నిలబెట్టారు. ఆదోని మార్కెట్ యార్డుకు ఏటా పత్తి బండ్లు బారులు తీరతాయి. ఆ పత్తి పండే పల్లెల్లోనే కూలి లేక జనం మరోచోట పత్తి తీయడానికి పోతున్నారు. ఇది వాన చేసిన తప్పు కాదు.

చైనా తత్వమంటే మనకు సన్‌త్జు యుద్ధతంత్రం, వాట్సాప్‌లో లావోత్జు సూక్తులు. ఏలినవారికి నచ్చే తత్వాలవి. మెన్షియస్ అంత సులువుగా మింగుడుపడడు. రాజు కంటే జనమే ముఖ్యమన్నందుకు మింగ్ వంశ స్థాపకుడు 1394లో ఆయన గ్రంథం నుంచి 85 భాగాలు తీయించేశాడు. అయితే ఆయనకూ ఒక పరిమితి ఉంది. రాజును నిలదీసే హక్కు జనానికి ఇవ్వలేదు, మంచి రాజు కోసం రాజ్యాలు తిరిగాడు. మనకు ఆ తిప్పలు అక్కర్లేదు. గ్రామసభ ఉంది, ఓటు ఉంది.

కాబట్టి పథకాల జాబితా పక్కన పెట్టి ఒక్క లెక్క అడగాలి. ఏటా సుగ్గికి ఎంతమంది వెళ్లారో, అందులో బడి పిల్లలెందరో గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. ఐదేళ్లలో ఆ అంకె తగ్గితే ప్రభుత్వం పని చేసినట్టు. తగ్గకపోతే ఎన్ని కోట్లు పంచినా అది యాభై అడుగుల పరుగే. వానల్లేవన్న జవాబు ఇకమీదట గ్రామసభలో చెల్లకూడదు.